గుడికి 200 మీటర్ల దూరంలో

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం దివ్యపూజాబలి ముగిశాక గుడి వసారాలో ఒక కాగితం చేతులు మారింది. అది పోలీసు ఇన్‌స్పెక్టరుగారికి రాసిన అర్జీ. గుడిసందు మొదట్లో ఉన్న బస్‌స్టాపు దగ్గర చీకటి పడేసరికి కొందరు స్త్రీలు నిలబడుతున్నారనీ, వారి కోసం వచ్చే మగవాళ్ళ వల్ల నవదిన ప్రార్థనలకు వచ్చే ఆడపిల్లలకు ఇబ్బందిగా ఉందనీ, దేవాలయానికి 200 మీటర్ల లోపల అటువంటివి జరగకూడదని చట్టమే చెబుతోంది కనుక వారిని అక్కడి నుంచి ఖాళీ చేయించాలనీ అందులో ఉంది. మరియదళం పెద్దలు సంతకాలు చేశారు. యువజన సంఘం చేసింది. నేనూ చేశాను, నా కింద నా భార్య చేసింది.

అర్జీలో రాసింది అబద్ధం కాదు. గాన బృందంలో పాడే అమ్మాయిల పక్కన స్కూటరు ఆపి "ఎంత?" అని అడిగినవాళ్ళున్నారు. అలా అడిగించుకున్న పిల్ల తండ్రి ఎవరైనా సంతకం పెడతాడు. అందుచేత ఆ కాగితం రాసినవారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. రాసినవారిలో నేనూ ఒకణ్ణి.

పది పన్నెండు రోజులకు ఒక రాత్రి పోలీసు జీపు వచ్చి బస్‌స్టాపులో ఉన్న నలుగురు ఆడవాళ్ళను ఎక్కించుకుపోయింది. వారిలో ఒకమ్మాయి మన విచారణ పిల్లే. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది. రెండో షిఫ్టు దిగి ఇంటికి పోవడానికి బస్సు కోసం నిలబడింది. సంగతి తెలిసి ఫాదర్‌గారు, ఉపదేశి, ఆ పిల్ల అన్న, నేను స్టేషనుకు పరుగెత్తాం. నేను ఆ ఎస్సైగారితో అన్న మాట ఇప్పటికీ జ్ఞాపకం: "మా అమ్మాయి అలాంటిది కాదండీ, గుడికి వచ్చే పిల్ల." ఆయన మంచివాడు, పొరపాటైందని చెప్పి వెంటనే పంపించేశాడు. బల్ల మీద మిగతా ముగ్గురూ కూర్చునే ఉన్నారు. నేనన్న మాట వాళ్ళకు వినబడింది. ఒకామె తలెత్తి నావైపు చూసింది, ఏమీ అనలేదు.

ఆ అమ్మాయి ఆరేడు వారాలు గుడికి రాలేదు. అర్జీ ఎవరు ఇచ్చారో ఆమెకు తెలిసిపోయింది. ఒకరోజు ఆమె తల్లి మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మీ కాగితంలో మా పిల్ల పేరు రాయలేదు గదా, మరి వాళ్ళు ఏం చూసి పట్టుకున్నారు?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. దాని కోసం పుస్తకాలు తిరగేస్తూ పోగా పోగా 1864 సంవత్సరం దగ్గర తేలాను.

ఆ యేడు ఇంగ్లండు పార్లమెంటు "అంటువ్యాధుల చట్టం" అని ఒకటి చేసింది. పేరు చూసి మశూచికో కలరాకో అనుకునేరు, కాదు. సైనికులకూ నావికులకూ సుఖవ్యాధులు ఎక్కువయ్యాయని, ఇంగ్లండులోను ఐర్లండులోను కొన్ని దండు ఊళ్ళలో, రేవు పట్టణాల్లో వీధి ఆడవాళ్ళను పరీక్ష చేయించే చట్టం. సైనికులను క్రమం తప్పక పరీక్షించే పద్ధతి 1859లోనే మానేశారు, వారి పరువుకు భంగమట. ఇక మిగిలింది ఆడవాళ్ళు. మామూలు దుస్తుల్లో తిరిగే పోలీసు ఒక స్త్రీని చూసి ఈమె వేశ్య అని తాను అనుమానిస్తే చాలు, ఆమె డాక్టరు ముందు పడుకోవలసిందే. ఒప్పుకోకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు పోవాలి. జబ్బు ఉందని తేలితే ఆసుపత్రిలో బంధిస్తారు. మొదట మూడు నెలలు అన్నారు, 1866లో ఆరు నెలలు చేశారు, 1869లో తొమ్మిది.

మరి ఏం చూసి అనుమానిస్తారు? చట్టంలో దానికి నిర్వచనం లేదు. రాత్రివేళ, ఒంటరిగా, పేదబట్టల్లో, వీధిలో కనిపించడమే గుర్తు. మా విచారణ తల్లికి నేను ఇవ్వలేకపోయిన జవాబు అదే. చట్టం చేతులో ఉన్నవాడికి వీధిలో నిలబడిన ఆడది ఏ పనిమీద నిలబడిందో తెలిసే ఉపాయం 1864లోనూ లేదు, ఇప్పుడూ లేదు. దొరసాని బండిలో పోతుంది, ఆమెను ఎవరూ ఆపరు. నడిచిపోయేవాళ్ళకే ఈ చట్టం.

ఈ పద్ధతి ఓడెక్కి మన దేశానికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. ఆ మాటకొస్తే మద్రాసు ప్రెసిడెన్సీలో సుఖవ్యాధులున్న ఆడవాళ్ళను నిర్బంధించే "లాక్ ఆసుపత్రులు" పందొమ్మిదో శతాబ్దం ఆరంభంలోనే ఉన్నాయి. 1864లోనే ఇక్కడ కంటోన్మెంట్ల చట్టం వచ్చింది. 1868లో 14వ చట్టంగా భారత అంటువ్యాధుల చట్టం వచ్చి కలకత్తా, మద్రాసు, బొంబాయి వంటి నగరాలకు పాకింది. పేరు నమోదు చేయించుకోవాలి, చీటీ దగ్గర ఉంచుకోవాలి, గడువు ప్రకారం పరీక్షకు రావాలి. రాకపోతే జరిమానా, జైలు. కలకత్తాలో చాలామంది ఈ నమోదుకు జడిసి నగర పరిధి దాటి పారిపోయారు. దండుల్లోనైతే సంగతి ఇంకా బాహాటం. పటాలం బజారులో తెల్ల సిపాయిల కోసమే కొన్ని ఇళ్ళు ప్రత్యేకించారు. 1886 జూన్‌లో సైన్యాధిపతి రాబర్ట్స్ దొర కార్యాలయం నుంచి అన్ని దండులకూ ఒక సర్క్యులర్ వెళ్ళింది. పటాలం బజార్లలో చాలినంతమంది స్త్రీలు ఉండేట్టు, వారు చూడముచ్చటగా ఉండేట్టు, వారికి తగిన ఇళ్ళు ఉండేట్టు చూసుకోవాలని దాని సారాంశం. గుర్రాలకు దాణా గురించి రాసినట్టే రాశారు.

దీని మీద యుద్ధం చేసిన స్త్రీని గురించి మన గుడుల్లో చెప్పుకోగా నేను వినలేదు, బహుశా ఆమె కతోలికురాలు కాకపోవడం వల్ల కావచ్చు. పేరు జోసెఫిన్ బట్లర్ (1828-1906). ఆంగ్లికన్ గురువు భార్య. 1864లో ఆమె కూతురు ఈవా మేడమీద నుంచి కిందపడి తల్లి కళ్ళ ముందే చనిపోయింది. తరువాత వాళ్ళు లివర్‌పూల్ వచ్చారు. తనకంటె దుఃఖంలో ఉన్నవాళ్ళను వెతుక్కుంటూ ఆమె అక్కడి అనాథ శరణాలయానికి వెళ్ళింది. పాత ఓడతాళ్ళను గోళ్ళతో పీచుతీసే షెడ్డులో వీధి ఆడవాళ్ళు ఉంటే, వాళ్ళ మధ్య నేలమీద కూర్చుని తానూ పీచు తీసింది. చేతకాక, వాళ్ళు నవ్వితే తానూ నవ్వింది. తరువాత కొందరిని తన ఇంటికే తెచ్చుకుంది. ఉద్యమం, సభలు, సంతకాలు అన్నీ ఆ తరువాతి సంగతి.

1869 చివర ఆమె నాయకత్వంలో స్త్రీల సంఘం ఏర్పడింది. మర్యాదస్తురాలైన స్త్రీ నోట రాకూడని మాటల్ని సభల్లో మాట్లాడుతోందని పత్రికలు ఆడిపోసుకున్నాయి. ఆమె వాదన సూటిగా ఉండేది. ఒకే పాపం ఇద్దరు చేస్తే ఒకరిని పరీక్షించి, బంధించి, రెండోవారికి సౌకర్యం సమకూర్చే చట్టం నీతిని కాపాడేది కాదు, పాపానికి ప్రభుత్వ ముద్ర వేసేది. పేద స్త్రీ స్వేచ్ఛను ఒక పోలీసువాడి అనుమానానికి అప్పగించే చట్టం ఎవరి స్వేచ్ఛనూ మిగల్చదు. 1871 నాటి రాజ కమిషన్ దీనికి చెప్పిన సమాధానం వింటే ఆశ్చర్యం వేస్తుంది. స్త్రీ చేసేది లాభం కోసమట, పురుషుడిది సహజమైన కోరిక దారితప్పడమట, కనుక ఇద్దరినీ పోల్చకూడదట! ఈ మాట 1871తోనే పోయిందని అనుకునేవారు మన పెళ్ళి సంబంధాల కబుర్లు ఒకసారి చెవిపెట్టి వినండి.

కతోలిక శ్రీసభ నుంచి ఆమెకు అండగా నిలిచినవారిలో ఇంగ్లండు కార్డినల్ మానింగ్ గారు ముఖ్యులు. ఆమె కూడా సియెన్నాపురి పునీత కత్తరీనమ్మ జీవితచరిత్ర రాసింది (1878). ఇంగ్లండులో ఆ చట్టాలు 1886లో రద్దయ్యాయి. మన దేశం సంగతి అప్పుడే అయిపోలేదు. 1888 జూన్‌లో పార్లమెంటు సభ ఇక్కడి పద్ధతిని ఖండించింది, ఇండియా చట్టమూ పోయింది. కాని దండుల్లో పాత పద్ధతి పేరు మార్చుకుని సాగింది. 1891-92లో ఎలిజబెత్ ఆండ్రూ, క్యాథరీన్ బుష్నెల్ అనే ఇద్దరు అమెరికా స్త్రీలు ఉత్తర భారతంలో పది దండులు తిరిగి, ఆ ఇళ్ళలోకి వెళ్ళి, అక్కడి ఆడవాళ్ళతోనే మాట్లాడి రాసుకున్నారు. 1893లో లండన్‌లో సాక్ష్యం చెప్పారు. అదంతా అబద్ధమన్న రాబర్ట్స్ దొర చివరికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

ఇక్కడితో కథ అయిపోతే మంచివాళ్ళు గెలిచారని సంతోషించి ఊరుకోవచ్చు. కాని బట్లరమ్మకు ఆ తరువాత జరిగింది మరో రకమైన బాధ. ఆమెతో కలిసి నడిచినవారిలోనే కొందరు, "సరే, లైసెన్సు వద్దు, మరి వీళ్ళను వీధుల్లోంచి తరిమెయ్యాలి" అని నైతిక కాపలా సంఘాలు పెట్టారు. ఇళ్ళ మీద దాడులు చేయించారు, ఇళ్ళల్లోంచి వెళ్ళగొట్టిన ఆడవాళ్ళు వానలో వీధిన పడ్డారు, వీధిలో నిలబడినందుకు మళ్ళీ అరెస్టయ్యారు. బలవంతాన జనాన్ని పునీతుల్ని చేయవచ్చునని నమ్మేవారితో జాగ్రత్తగా ఉండాలని ఆమె హెచ్చరించి వారికి దూరమైంది. దొరలు సిపాయిల కోసం ఆ ఆడవాళ్ళను ఉంచారు, నీతిపరులు తమ పిల్లల కోసం వెళ్ళగొట్టారు. ఉద్దేశాలకు నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది, ఒప్పుకుంటాను. కాని రెండు చోట్లా ఆమె చెత్తాచెదారంతో సమానమే. ఒకరు తొట్టిలో వేసి మూతపెట్టారు, ఇంకొకరు ఊరవతల పారబోశారు. పారిస్ నగరంలో మురుగు కాల్వల మీద గ్రంథం రాసిన డాక్టరే, పరాన్-దుషాత్‌లే అనే ఆయన, తరువాత ఆ ఊరి వేశ్యల మీద 1836లో వెలువడిన ప్రసిద్ధ గ్రంథం కూడా రాశాడు. ఆ రెండూ ఒకే రకం పని అని ఆయనకు అనిపించిందన్నమాట.

మనవాళ్ళు కూడా దీనికి అతీతులు కారు. పునీత అగస్టీను గారు ఇంకా జ్ఞానస్నానం పొందక ముందు, 386లో రాసిన ఒక గ్రంథంలో, వేశ్యలను లోకంలోంచి తీసేస్తే కామం అన్నిటినీ తలకిందులు చేస్తుందని అన్నారు. పునీత థామస్ అక్వినాసు గారు, పెద్ద కీడు రాకుండా పాలకులు కొన్ని చెడుగుల్ని సహించవచ్చునని చెబుతూ ఆ మాటనే ఉదాహరించారు. ఆ సూత్రాన్ని నేను ఎగతాళి చేయను. ప్రతి పాపానికీ పోలీసును పెడితే ఏ ఊళ్ళోనూ జైలు చాలదు. అయితే ఆ సహనానికి ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారన్నది అక్కడ లెక్కలోకి రాలేదు. మిగతా స్త్రీల మానం నిలవడానికి కొందరు స్త్రీలు తమ మానం పోగొట్టుకోవాలంటే, ఆ కొందరు ఎవరి కూతుళ్ళు? మరోవైపు 1566లో పునీత ఐదవ పయస్ పోపుగారు వారిని రోము నుంచే వెళ్ళగొట్టాలని ఆజ్ఞ ఇచ్చారు. నగరపెద్దలు మొరపెట్టుకున్నారు, చివరికి ఒక పేటలో వారిని ఉంచి సరిపెట్టారు. అక్కడా ఇవే రెండు దారులు! మూడో దారి అని వాళ్ళను గోడల మధ్య పెట్టి బట్టలు ఉతికించిన ఐర్లండు మగ్దలేనా ఆశ్రమాలు చివరికి ఎంత దుఃఖానికి తావయ్యాయో మనకు తెలుసు. వాటిలో ఆఖరుది 1996లో మూతపడింది, 2013లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. వాటిని నడిపినవారు మన కన్యస్త్రీలే. ఇది రాయడం నాకు ఇష్టమై రాయడం లేదు.

ఇప్పుడు మన అర్జీలోని 200 మీటర్ల దగ్గరకు వస్తాను. స్వతంత్రం వచ్చాక, స్త్రీల క్రయవిక్రయాలను అరికడతామని 1950లో అంతర్జాతీయ ఒప్పందం మీద మన ప్రభుత్వం సంతకం చేసింది. ఆ మేరకు 1956లో చట్టం వచ్చింది, 1986లో దాని పేరు, కొన్ని సెక్షన్లు మార్చారు. దానికి ముందే 1930లో మద్రాసు రాష్ట్రంలో ఇటువంటి చట్టం ఉంది. 1956 చట్టం మంచి ఉద్దేశంతో చేసింది. ఆడపిల్లల్ని అమ్మేవాళ్ళకు, కంపెనీలు నడిపేవాళ్ళకు కఠినశిక్షలున్నాయి, ఉండాలి కూడా. పడుపువృత్తి తనంతట తానుగా నేరమని ఆ చట్టం ఎక్కడా అనలేదు. కాని పాత దొరల చట్టాల వాసన కొన్ని సెక్షన్లలో మిగిలిపోయింది. 7వ సెక్షన్ ప్రకారం ప్రార్థనాలయానికి, విద్యాలయానికి, ఆసుపత్రికి 200 మీటర్లలోపు ఆ పని నేరం, అందులో స్త్రీతోపాటు వచ్చినవాడు కూడా శిక్షార్హుడే, అది న్యాయంగానే ఉంది. 8వ సెక్షన్ చూడండి. బహిరంగ స్థలంలో పిలిచినా, సైగ చేసినా, ఆ ఉద్దేశంతో తచ్చాడినా మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల జరిమానా, లేదా రెండూ. అదే నేరం పురుషుడు చేస్తే వారం రోజుల నుంచి మూడు నెలలు. 20వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆమెను ఊరు విడిచి పొమ్మనవచ్చు. కాన్పూరు కేసులో సుప్రీంకోర్టు 1963లో ఆ సెక్షన్ చెల్లుతుందనే చెప్పింది.

2022 మే 19న అదే సుప్రీంకోర్టు, ఈ వృత్తిలో ఉన్నవారికీ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన గౌరవం ఉందని, పోలీసులు వారిని దుర్భాషలాడరాదని, కొట్టరాదని, పత్రికలు వారి ఫొటోలు వేయరాదని ఆదేశాలిచ్చింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు నిజాం కాలపు 1919 నాటి చట్టాన్ని కొట్టివేసింది. ఆ చట్టం కింద ఆడవేషంలో వీధిలో కనిపించిన హిజ్రాను వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు! నూరేళ్ళు దాటినా అది పుస్తకంలో అలాగే ఉందంటే ఎవరికీ పట్టకపోవడం వల్లనే గదా.

ఇదీ అన్ని పనుల్లాంటి ఒక పనే అని వాదించేవారితో నేను ఏకీభవించలేను. రెండవ వాటికన్ మహాసభ పడుపువృత్తిని బానిసత్వంతో, మనుషుల అమ్మకంతో కలిపి మానవ గౌరవానికి అవమానాలుగా లెక్కించింది. మన సత్యోపదేశం (2355) డబ్బిచ్చేవాడు తన మీద తానే ఘోరపాపం మోపుకుంటున్నాడని చెబుతుంది. అక్కడే మరో మాట ఉంది, దాన్ని మనం గబగబా చదివి దాటేస్తాం: పేదరికం, బెదిరింపు, సంఘం ఒత్తిడి వల్ల ఆ స్త్రీ అపరాధభారం తగ్గవచ్చునని. పాపసంకీర్తనపు పీటలో గురువు అడిగే ప్రశ్నలు పోలీసు స్టేషన్లో ఎవరూ అడగరు. అడిగే తీరికా ఉండదు, అది వారి పని కూడా కాదు.

యోహాను శుభవార్త ఎనిమిదో అధ్యాయం మనమంతా ఎన్నిసార్లు విన్నామో! ఆ స్త్రీని ప్రభువు దగ్గరకు ఎక్కడికి తెచ్చారో నేను ఈ గొడవలో పడేదాకా గమనించలేదు. దేవాలయంలోకి తెచ్చారు. తెల్లవారుజామున ఆయన కూర్చుని బోధిస్తుంటే, జనం మధ్య నిలబెట్టారు. మోషే ధర్మశాస్త్రం ఇద్దరినీ శిక్షించమంటుంది (లేవీ 20:10), పట్టుకొచ్చింది మాత్రం ఒక్కర్తెనే. ఆయన ఆమెను ముందు దేవాలయం అవతలికి తీసుకుపొమ్మనలేదు. అందరూ వెళ్ళిపోయాక ఆమెతో మాట్లాడింది కూడా అక్కడే. ఇకమీదట పాపం చేయవద్దని చెప్పడానికి ఆయనకు ఆమె ఎదురుగా ఉండటం అవసరమైంది. 200 మీటర్ల అవతల నిలబెడితే ఆ మాట వినబడదు.

అయినా స్కూటరు ఆపి మా పిల్లల్ని అడిగినవాడి సంగతి మిగిలే ఉంది. వాడి మీద అర్జీ పెట్టాలని మాకు ఆ రోజు ఎందుకు తట్టలేదని చాలాసార్లు ఆలోచించాను. వాడికి పేరు లేదు, బండి నెంబరుంది. ఆ నెంబరు ఎవరూ రాసుకోలేదు. నిలబడిన ఆడవాళ్ళ గుర్తులు మాత్రం అర్జీలో చీర రంగుతో సహా ఉన్నాయి.

ఈ మధ్య అదే విషయం మళ్ళీ విచారణ సలహా సంఘంలోకి వచ్చింది. ఈసారి నేను ఇంకో కాగితం రాసి తీసుకెళ్ళాను. బస్‌స్టాపు దగ్గర మూడు దీపాలు వేయించాలని మున్సిపాలిటీకి ఒకటి, బళ్ళు ఆపి ఆడవాళ్ళను వేధించేవారి మీద నిఘా పెట్టాలని పోలీసువారికి ఒకటి. మఠం సిస్టర్లలో ఇద్దరు సాయంత్రాలు ఆ బస్‌స్టాపుకు వెళ్ళి ఆ స్త్రీలతో మాట్లాడతామని ముందుకొచ్చారు. దీని మీద గంటన్నర వాదం జరిగింది. "దీపాలు వేస్తే వాళ్ళకు ఇంకా సౌకర్యం గదా మాస్టారూ!" అని ఒకాయన అన్నారు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు. ఆయన మాటకు నేను కోపగించుకోలేను. "గుడిమెట్ల మీదకే వస్తే ఏం చేస్తారు?" అని ఇంకొకరు అడిగారు. ఫాదర్‌గారు కాసేపు ఊరుకుని, "లోపలికి రమ్మంటాను, ఇంకేం చేస్తాను" అన్నారు. కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు.

ఆ ఆయా అమ్మాయి ఇప్పుడు మళ్ళీ గుడికి వస్తోంది. రెండు కాగితాల మీద ఆమె సంతకం ఉంది. ఆమె తల్లి సంతకం లేదు. పోలీసులకు ఏ కాగితమూ ఇవ్వనని చెప్పింది. ఆరోజు బల్ల మీద మిగిలిపోయిన ముగ్గురి సంగతి ఫాదర్‌గారిని అడిగాను. మర్నాడు కోర్టులో జరిమానా కట్టి వెళ్ళిపోయారట. ఎంత కట్టారో, ఎవరు కట్టారో ఆయనకూ తెలియదు.